మోక ఊటపాట

దేవక్క గొంతు ఎరగని మనిషి బళ్ళారి దగ్గరి మోక చుట్టుపక్కల పది ఊళ్ళలో లేడు. లగేజీ ఆటో నెత్తిన రెండు లౌడ్‌స్పీకరు హారన్లు కట్టుకొని, మలుపు మలుపుకూ బండి ఆపి ఆమె మైకు అందుకుందంటే వాకిళ్ళలో చీపుర్లు ఆగిపోతాయి. కొళాయి నీళ్ళు ఎప్పుడు వదులుతారో, పిల్లలకు పోలియో చుక్కలు ఎప్పుడు వేస్తారో, ఎవరి ఎద్దు కట్టు తెంచుకుపోయిందో, ఎవరింట్లో పెద్దాయన కన్నుమూశాడో ఊరికి మొదట తెలిసేది ఆ గొంతు ద్వారానే. ముందు కన్నడంలో చెబుతుంది, వెంటనే తెలుగులో చెబుతుంది. యాభై నాలుగేళ్ళ మనిషి. హారన్లు తనే కట్టుకుంటుంది, బండి తనే తోలుకుంటుంది.

పోయిన ఏప్రిల్‌లో ఒకరోజు పొద్దున్నే పంచాయతీవాళ్ళ కబురు చాటుతూ బస్టాండు మలుపులో ఆగింది. ఎదురుగా స్కూటర్ మీద ఒక అమ్మాయి వచ్చి అడ్డంగా నిలిపింది. సౌందర్య. కోదండరామి మనవరాలు. ఆ ఇంటివాళ్ళకు మోకలో పొలాలూ ఉన్నాయి, సండూరు గనులవైపు తిరిగే టిప్పర్లూ ఉన్నాయి. అమ్మాయి బళ్ళారిలో బ్యాంకు ఉద్యోగం చేస్తోంది.

"దేవక్కా, పద్దెనిమిదో తారీకు నా పెండ్లి. ఊటపాట వెయ్యాల. ఆ ప్లేటు ఉండాదా, పోయిందా?" అంది సౌందర్య.

ఆ పాట సంగతి ఎవరైనా అడిగి పదకొండేళ్ళయింది. ఆ సంతోషంలో దేవక్క చేతిలోని మైకు ఆపలేదన్న మాట మరిచిపోయింది.

"ఉండాది తల్లీ, యాడికి పోతాది? నీ పెండ్లిలో ఊటపాట నేను వేస్తా."

రెండు హారన్లలోంచి ఆ మాట బస్టాండంతా మోగింది. టీకొట్టు ముందు కూర్చున్నవాళ్ళు తలలు తిప్పి చూశారు. బస్సు కిటికీలోంచి ఒకాయన చెయ్యి ఊపాడు. మధ్యాహ్నానికల్లా మోకలో ఇంటింటికీ తెలిసిపోయింది, కోదండరామి ఇంటి పెండ్లిలో దేవక్క ఊటపాట వేస్తుందని. ఇక వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు. అసలు చిక్కేమిటంటే, గ్రామఫోను ప్లేట్లున్న ట్రంకుపెట్టెను ఆమె పదకొండేళ్ళుగా తెరవనేలేదు.

ఊట అంటే కన్నడంలో భోజనం. మోకలో తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళలోనూ ఊట అనే అంటారు. ఆ పాట కథంతా దేవక్క మొగుడు హనుమప్పది.

దేవక్క పుట్టింది సంగనకల్లులో. పంతొమ్మిదో ఏట మోక హనుమప్పకు ఇచ్చి చేశారు. హనుమప్పకు అప్పటికే మైకుసెట్టు ఉంది. చుట్టుపక్కల వేరే సెట్టు లేదు కాబట్టి తన పెళ్ళికి తనే మైకు కట్టుకున్నాడు. మెడలో దండతో స్తంభం మీద కూర్చుని వైరు బిగిస్తున్న పెళ్ళికొడుకును చూసి సంగనకల్లు ఆడవాళ్ళు నవ్వలేక చచ్చారు. ఏడాది తిరిగేసరికి దేవక్క కూడా పని పట్టుకుంది. గాలి ఎటునుంచి వస్తే హారను ఎటు తిప్పాలో, బ్యాటరీ ఎన్ని గంటలు ఆగుతుందో, ప్లేయరు ముల్లు అరిగితే పాట ఎలా ఉంటుందో అన్నీ నేర్చుకుంది.

పెళ్ళయిన రెండో ఏడు హనుమప్ప సండూరు పక్క యశ్వంతనగర్‌లో ఆయుధపూజకు మైకు కట్టడానికి వెళ్ళాడు. ఖనిజం తవ్వే చోట ఏదో పెద్ద యంత్రం బిగించడానికి బయటి దేశం నుంచి వచ్చిన ఇంజనీరు ఒకాయన ఆ వారమే తిరిగి వెళ్ళిపోతున్నాడు. గదిలోని సామానంతా అడిగినవాళ్ళకు అడిగినట్టు ఇచ్చేస్తున్నాడు. హనుమప్ప చేతిలో ప్లేట్లు చూసి, తన దగ్గరున్న పెద్ద ప్లేటు ఒకటి తెచ్చి అతని చేతిలో పెట్టి భుజం తట్టాడట. అట్ట మీద ఒక మనిషి గిటారు పట్టుకొని కళ్ళు మూసుకున్నాడు. మిగతాదంతా ఇంగ్లీషు.

హనుమప్ప దగ్గరున్నవన్నీ చిన్న ప్లేట్లు, సినిమా పాటలవి. పెద్ద ప్లేటు అదొక్కటే. ఒక పెళ్ళిలో భోజనాల వేళకు పాటలన్నీ రెండేసి సార్లు తిరిగి అయిపోతే, చూద్దాం అని ఆ పెద్ద ప్లేటు రెండో పక్క పెట్టాడు. మొదటి పాటే గిటారుతో గబగబా అందుకుంది. వెనక డ్రమ్ములు గుర్రం పరుగెత్తినట్టు. దానిమీద సన్నటి గొంతుతో ఒక ఆడమనిషి ఏదో తొందరపెడుతున్నట్టు పాడింది. పంక్తిలో కూర్చున్నవాళ్ళకు తెలియకుండానే చేతులు పాటతో పాటు కదిలాయి. వడ్డించేవాళ్ళ అడుగులు వేగమయ్యాయి. మూడు పంక్తులకు పట్టే సమయంలో నాలుగు పంక్తులు లేచాయి. వంట ఉచ్చెంగెప్ప గరిటె పట్టుకొనే వచ్చి, ఇకమీద నేను వండే ప్రతి పెళ్ళిలో ఈ పాట ఉండాలని హనుమప్పతో ఒట్టు వేయించుకున్నాడు.

అది మొదలు ఇరవై ఏళ్ళకు పైగా మోకలో ఆ పాట లేకుండా ఎవరూ విస్తరి ముందు కూర్చోలేదు. క్యాసెట్లు వచ్చాయి, సీడీలు వచ్చాయి, ఊటపాట మాత్రం ప్లేటు మీదే తిరిగింది. బడిలో మధ్యాహ్నం గంట కొట్టకముందే పిల్లలు ఆ పాట ముక్కుతో పాడేవారు. పాడిన ఆడమనిషి ఎవరో ఎవరికీ తెలియదు. ఎవరైతేనేం, ఆకలి తెలిసిన తల్లి అనుకునేవారు.

పదకొండేళ్ళ కిందట హనుమప్ప జ్వరంతో వారం రోజుల్లో పోయాడు. అదే ఏడు బళ్ళారి నుంచి పెద్ద పెద్ద పెట్టెలతో డీజేలు దిగాయి. దేవక్క ప్లేట్లు ట్రంకులో పెట్టి తాళం వేసి, హారన్లు ఆటోకెక్కించి చాటింపులకు తిరగసాగింది.

ఆ సాయంత్రం ఆమె తాళం తీసింది. పైనున్న చిన్న ప్లేట్లు తీసి పక్కన పెట్టింది. అడుగున పెద్ద ప్లేటు. అట్ట సగం చెదలు తిన్నాయి. గిటారు మిగిలింది, మనిషి పోయాడు. ప్లేటు బయటికి లాగి చూసి అలాగే కూలబడింది. రేకు గోడకు ఆనించి పెట్టిన ట్రంకు అది. పదకొండు ఎండాకాలాల వేడికి ప్లేటు అంచు అలలా లేచిపోయింది. ప్లేయరు చూస్తే చక్రం బిగుసుకుపోయింది, ముల్లు ఎప్పుడో ఊడిపోయింది.

సౌందర్యకు ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. సౌందర్యా, ఆమె చిన్నాన్న కొడుకు జీవనూ అప్పటికే పది రోజులుగా ఆ పాటను ఫోన్లలో వెతికి వెతికి అలిసిపోయారు. జీవన్ తోరణగల్లులో ఉక్కు ఫ్యాక్టరీలో ఇంజనీరు, గిటారు వాయిస్తాడు. ఇద్దరూ ఫోను ముందు ముక్కుతో పాడితే అది ఏవేవో పాటలు చూపించింది గానీ ఊటపాట చూపించలేదు. లోకంలో ఆ పాట ఇంకెక్కడా లేదు, దేవక్క ప్లేటు మీద తప్ప అని వాళ్ళకు రూఢి అయిపోయింది. మరునాడే జీవన్ కారు తీసుకొని వచ్చాడు. దేవక్క ఒళ్ళో దిండు పెట్టుకొని, దిండు మీద ప్లేటు పెట్టుకొని, పసిబిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్ళినట్టు బళ్ళారి వెళ్ళింది.

కౌల్‌బజారులో బుడన్ సాబ్ రేడియో రిపేరు చేసేవాడు. కొట్టు మూసి ఎనిమిదేళ్ళయినా ఇంటి ముందుగది నిండా ఇప్పటికీ వాల్వులూ వైర్లూ. డెబ్బై దాటిన మనిషి కళ్ళద్దాలు నుదుటిమీదికి తోసి ప్లేటును వెలుతురుకు ఎత్తి చూశాడు.

"ఇది రికార్డు కాదమ్మా, పాపడ్ అయిపోయిండాది. అయినా గీతలు లేవు. బాగు చేయొచ్చు. జల్దీ పడితే మాత్రం ఖరాబ్ ఐతాది," అన్నాడు.

ఆయన చెప్పిన వైద్యం వింతైనది. ఎండ పాడు చేసినదాన్ని ఎండే బాగు చెయ్యాలి. సమానమైన రెండు అద్దాల మధ్య ప్లేటు పెట్టి, ఎండలో ఉంచి, అద్దం చేతికి వెచ్చగా తగలగానే నీడకు తేవాలి. మీద బరువు పెట్టి పూర్తిగా చల్లారనివ్వాలి. చెయ్యి కాలేదాకా ఉంచితే పాట కరిగిపోయినట్టే. ఈలోగా ముల్లు సంగతి, ప్లేయరు సంగతి తను చూస్తానన్నాడు.

దేవక్క ఇంటికి రాగానే షోకేసు అద్దాలు రెండు ఊడదీసింది. పదింటి ఎండ చాలనుకొని వాకిట్లో బల్లమీద పెట్టింది. బళ్ళారి ఎండ సంగతి ఆమెకు తెలియనిది కాదు. రెండు నిమిషాలకోసారి అరచెయ్యి ఆనించి చూస్తూ, పంచాయతీవాళ్ళు ఫోను చేస్తే ఈ రోజు గొంతు బాగాలేదని అబద్ధమాడి, కదలకుండా కూర్చుంది. పక్కింటి సిద్దక్క వచ్చి, అప్పడాలు ఆరబెట్టావా, ఇంత నల్లగా ఉన్నాయేమిటని అడిగింది. అద్దం వెచ్చబడగానే దేవక్క లోపలికి పరుగెత్తింది. రోలు పొత్రం, రెండు బియ్యం సంచులు పైన పెట్టింది. సాయంత్రం తీసి చూస్తే అల సగానికి సగం తగ్గింది. ఆ సంబరం పట్టలేక సిద్దక్కను పిలిచి చూపించింది. ఇలా మూడు రోజులు చేసింది. నాలుగోనాటికి ప్లేటు చాలావరకు చదునైంది. అంచున మాత్రం వేలి గోరంత ఎత్తు మిగిలింది.

ముల్లు దొరికింది రమ్మని బుడన్ సాబ్ కబురు చేశాడు. మళ్ళీ జీవన్ కారే. ఈసారి దారంతా దేవక్క మాట్లాడుతూనే ఉంది. ఏ పెళ్ళిలో ఎన్ని పంక్తులు లేచాయో, ఏ పెళ్ళిలో వాన వస్తే గొడుగు పట్టుకొని పాట ఎలా నడిపారో ఒకటొకటే చెప్పింది.

బుడన్ సాబ్ తన సొంత ప్లేయరు తుడిచి సిద్ధంగా పెట్టాడు. ప్లేటు రెండో పక్క తిప్పి, ముల్లు అంచున వదిలాడు. రెండుసార్లు ఎగిరిపడి మూడోసారి నిలిచింది. దేవక్క రెండు చేతులూ ఒళ్ళో బిగించుకుంది.

పాట మొదలైంది. అది ఊటపాట కాదు.

గిటారు మెల్లగా, బావిలోంచి నీళ్ళు తోడినట్టు వచ్చింది. డ్రమ్ములు అడుగులు తీసి తీసి వేశాయి. ఆ తరవాత ఒక మగమనిషి. గొంతు అడుగునుంచి, ఏడ్చి ఏడ్చి ఇక ఏడవలేని మనిషి మాట్లాడినట్టు పాడుతున్నాడు. దేవక్క తనే చేజేతులా పాడు చేశానని అనుకుంది. ఎండలో ఒక్క నిమిషం ఎక్కువ ఉంచి ఉంటాను, పాట సాగిపోయింది, ఆడగొంతు మగగొంతు అయిపోయింది. ఆపమని చెయ్యి ఎత్తింది.

జీవన్ మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అతని వేళ్ళు గాలిలో గిటారు తీగల మీద ఆడుతున్నాయి.

"ఆపద్దు సాబన్నా. దేవక్కా, ఇది మన పాటే. తీగ తీగకూ అదే. ఊకే మెల్లగా తిరుగుతాండాది," అన్నాడు.

బుడన్ సాబ్ మెల్లగా తల ఊపుతూ ప్లేయరు మీది మీట చూపించాడు. పెద్ద ప్లేట్లు నిమిషానికి ముప్పై మూడు చుట్లు తిరగాలి, చిన్నవి నలభై అయిదు. దేనికి తగ్గట్టు మీట దానికి జరపాలి. తను ఇప్పుడు ముప్పై మూడు మీద పెట్టాడు, అదే సరైనది. మరి మోకలో ఎట్లా తిరిగిందని దేవక్కను అడిగాడు. మా ఆయన ప్లేయరులో ఆ మీట కదలదు, దానికి తీగ చుట్టి అతికించి ఉంటుందని ఆమె చెప్పింది. ఆ మాట వినగానే ముసలాయన నెత్తి కొట్టుకున్నాడు.

"ఆ తీగ చుట్టింది నేనే కదమ్మా. మీట లూజు అయ్యిండాదని హనుమప్ప తెచ్చినాడు. అన్నీ చిన్న ప్లేట్లే కదాని నలభై అయిదు కాడ కట్టేస్తి."

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు నవ్వింది దేవక్క. ఆమె నవ్వితే మిగతా ఇద్దరూ ఆగలేకపోయారు. బుడన్ సాబ్ కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. ఇరవై ఏళ్ళు మోక మోకంతా ఒక పాటను పరుగెత్తించి తిన్నది. ఆకలి తెలిసిన ఆ తల్లి ఎక్కడా లేదు. ఆమె ఈ మగాడే.

జీవన్ ప్లేటు మధ్యలోని కాగితం చదివాడు. ఒక్కరిది కాదట, ఎనిమిది బృందాల పాటలు ఏరి కూర్చిన ఆల్బం. ఇలాంటి పాటల్ని బ్లూస్ రాక్ అంటారని, కష్టం చెప్పుకునే పాత పాటల్ని కరెంటు గిటార్లతో గట్టిగా వాయిస్తే వచ్చిందని తనకు తెలిసినంత చెప్పాడు. రాక్ అంటే బండ కదా అని దేవక్క అడిగింది. మా సంగనకల్లు గుట్టమీద కొడితే గంటలా మోగే బండలున్నాయి, అటువంటిదా అంది. జీవన్ కాస్త ఆలోచించి, దాదాపు అటువంటిదే అన్నాడు.

పాటలో ఏముందో చెప్పమంది. జీవన్ రెండోసారి వేయించుకొని విని, ముక్క ముక్కగా చెప్పాడు. భార్య రైలెక్కి వెళ్ళిపోయింది. ఇతను స్టేషను నుంచి ఇంటికి నడిచి వచ్చాడు. పొయ్యి చల్లగా ఉంది. కంచం బోర్లించి ఉంది. ఆకలిగా ఉంది గానీ ఎవరికోసం వండుకోవాలో తెలియడంలేదు.

హనుమప్ప పోయిన ఏడు దేవక్క కూడా అలాగే ఒక్కత్తి పొయ్యి ముందు కూర్చునేది. ఇరవై ఏళ్ళు ఈ పాట వేసిన మనిషి, ఈ పాట ఒక్కసారి కూడా వినకుండానే పోయాడు. కానీ ఆ దిగులు ఎక్కువసేపు నిలవలేదు. తన ప్లేటు బతికింది. ఒక ప్లేటులో రెండు పాటలున్నాయి. ఆ సంగతి ఎవరికైనా చెప్పకపోతే ఆమె ప్రాణం నిలిచేలా లేదు. నలభై అయిదు మీదికి మీట జరిపించి ఊటపాట వేయించుకుంది. సన్నటి ఆడగొంతు పరుగెత్తుకుంటూ వచ్చేసింది. లోపలినుంచి బుడన్ సాబ్ భార్య వచ్చి, భోజనాలు వడ్డించమంటారా అని అడిగింది.

జీవన్ నోట్లో మాట దాగలేదు. మరునాటికి కోదండరామి చెవిన పడింది, ఊటపాట ఏడుపు పాటని. ఆయన దేవక్కను పిలిపించాడు. డెబ్బై ఎనిమిదేళ్ళ పెద్దమనిషి, వరండాలో పడకకుర్చీలో కూర్చుని ఉన్నాడు. అప్పటికే ఆయన మనసులో హారన్లంటే ఇష్టం లేదు. బళ్ళారి నుంచి డీజే మాట్లాడి ఉంచాడు, వియ్యంకులు హొసపేటవాళ్ళు, వాళ్ళ ముందు పాత మైకుసెట్టు ఏమిటని ఆయన అనుమానం. ఇప్పుడు దానికి అశుభం కూడా తోడైంది.

"ఏం దేవక్కా, మొగుడూ పెండ్లాలు విడిపోయిన పాట నా మనవరాలి పెండ్లిలో వేస్తావా?"

దేవక్క వరండా మెట్టుమీద నిలబడి కొంగు సరిచేసుకుంది. మైకు పట్టిన గొంతు అది, తడబడలేదు.

"రామప్పా, ఆ పాట ఏడ్చేది మెల్లగా తిరిగితేనే. మన మోకలో అది ఎప్పుడూ ఏడవలేదు. నీ పెద్దకొడుకు పెండ్లిలో ఆ పాట వింటానే కదా నువ్వు మూడుసార్లు పెరుగన్నం పెట్టించుకుంటివి. ఆ పెండ్లికి ఏమన్నా కొరత అయిందా?"

ఆ పెద్దకొడుకు కూతురే సౌందర్య. తలుపు దగ్గర నిలబడి వింటోంది. వాళ్ళ నాన్నా అమ్మా ఇద్దరూ లోపల పసుపు దంచే చోట ఏదో విషయంమీద వాదులాడుకుంటున్నది బయటికి వినిపిస్తోంది. కోదండరామి మీసం కదిలింది. మూడుసార్లు కాదు, రెండుసార్లే అన్నాడు. తరవాత, సరే, ఊట కాడ మాత్రం నీ ఇష్టం, తక్కిందంతా డీజే అని తేల్చేశాడు.

పద్దెనిమిదో తేదీ తెల్లవారేసరికి దేవక్క భోజనాల పందిరి దగ్గర స్తంభం ఎక్కి హారన్లు కట్టింది. కొత్త చీర కట్టుకొని స్తంభం ఎక్కొద్దని సిద్దక్క కింద నిలబడి మొత్తుకుంటూనే ఉంది. పందిరి మూలలో బల్లమీద బుడన్ సాబ్ దగ్గర అరువు తెచ్చిన ప్లేయరు, పక్కన పాత ఆంప్లిఫయరు, బ్యాటరీ. మండపం ముందు డీజే పెట్టెలు మనిషెత్తున వరసగా నిలబడి దడదడలాడుతున్నాయి. తాళి కట్టేటప్పుడు తప్ప అవి ఆగలేదు.

పన్నెండున్నరకు విస్తర్లు వేయడం మొదలైంది. సౌందర్య మండపంలోనుంచే డీజే అబ్బాయికి చెయ్యి చూపింది. పెట్టెలు ఆగిపోయాయి. ఉన్నట్టుండి వచ్చిన ఆ నిశ్శబ్దంలో జనం మాటలు తగ్గించి చుట్టూ చూశారు. దేవక్క మీట నలభై అయిదు మీద పెట్టి, ముల్లు అంచున వదిలింది.

ముల్లు ఎగిరింది. మళ్ళీ వదిలింది, మళ్ళీ ఎగిరింది. హారన్లలో గరగరమని గీరిన చప్పుడు వచ్చింది. మిగిలిన ఆ గోరంత ఎత్తు సరిగ్గా మొదటి పాట ఉన్న చోటే ఉంది, పైగా ఈ వేగానికి ముల్లు అక్కడ నిలవడంలేదు. పంక్తిలో ఎవరో నవ్వారు. డీజే అబ్బాయి ఇటు చూసి బటన్ మీద వేలు పెట్టుకున్నాడు. దేవక్క చెమట తుడుచుకుంది. ముల్లు చేతికి కొంచెం బరువు కావాలి, అంతే. చుట్టూ చూస్తే వంటశాలలో ఉచ్చెంగెప్ప ఓళిగలకు, అదే బొబ్బట్లకు, పిండి ముద్దలు చేస్తున్నాడు. ఆమె ఒక్క పరుగున వెళ్ళి గోళీకాయంత పిండి తుంచుకొచ్చి, ముల్లు చేతి తలమీద అదిమింది. ముల్లు మళ్ళీ అంచున వదిలింది.

ఈసారి ముల్లు అలమీదికి ఎక్కి, దిగి, సాగిపోయింది.

గిటారు అందుకుంది. డ్రమ్ములు పరుగు తీశాయి. ఆ గొంతు, మోకకు తెలిసిన ఆ సన్నటి గొంతు, హారన్లలోంచి వీధి చివరిదాకా వెళ్ళింది. షామియానా కింద కబుర్లు చెప్పుకుంటున్న మోకవాళ్ళు ఎవరూ పిలవకముందే లేచారు. ముప్పై దాటినవాళ్ళందరి కాళ్ళూ పందిరివైపు వాటంతటవే నడిచాయి. విస్తర్లు ఇంకా సగం వేయనేలేదు. హొసపేటవాళ్ళు ఏమైందో తెలియక, ఏదో ప్రమాదమనుకొని వాళ్ళూ లేచారు. ఉచ్చెంగెప్ప తలగుడ్డ బిగించి, వడ్డించే కుర్రాళ్ళను పక్కకు తప్పుకోమని, డెబ్బై ఏళ్ళ కాళ్ళతో తనే గరిటె పట్టుకొని పంక్తిలోకి దిగాడు. పాట దెబ్బకు ఒక గరిటె, పాట దెబ్బకు ఒక అడుగు. పిల్లలు ఫోన్లు పైకెత్తారు. సౌందర్య పెళ్ళిచీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకొని, పెళ్ళికొడుకును వెంట లాక్కుంటూ ప్లేయరు దగ్గరికి పరుగెత్తుకొచ్చి, తిరుగుతున్న ప్లేటును అతనికి చూపించింది. కోదండరామి మొదటి పంక్తిలో వియ్యంకుడి పక్కన కూర్చుని, పెరుగన్నం దగ్గరికి రాగానే తల ఎత్తి దేవక్కవైపు చూసి, వేళ్ళతో మూడు అని చూపించాడు.

ఆ పాట ఆ మధ్యాహ్నం తొమ్మిదిసార్లు తిరిగింది. రెండో పంక్తికే డీజే అబ్బాయి తన పెట్టెలు వదిలేసి వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు. ముల్లు చేతి మీది పిండి ముద్ద చూసి అదేమిటని అడిగాడు. ఓళిగ అని చెప్పింది దేవక్క.

అతిథులందరూ లేచాక చివరి పంక్తి పనివాళ్ళది. వండినవాళ్ళు, వడ్డించినవాళ్ళు, డీజేవాళ్ళు, సిద్దక్క, జీవన్. అందరూ కూర్చున్నాక దేవక్క మైకు అందుకుంది. ఇంతసేపూ మీరు విన్నది మోక పాట, ఇప్పుడు వినబోయేది దాన్ని పాడినాయన పాట అని ముందు కన్నడంలో, తరవాత తెలుగులో చెప్పింది. మీట ముప్పై మూడుకు జరిపింది.

పందిరిలో మాటలు ఒక్కొక్కటే ఆగాయి. ఉచ్చెంగెప్ప కలిపిన ముద్ద చేతిలోనే పెట్టుకొని వింటున్నాడు. కొన్నాళ్ళ కిందటే అతని భార్య పోయింది. ఈయన ఎవరని సిద్దక్క గొంతు తగ్గించి అడిగింది. ఇన్నాళ్ళూ మనల్ని అన్నానికి పిలిచింది ఈయనే అని దేవక్క చెప్పింది. పాట అయ్యాక ఉచ్చెంగెప్ప ముద్ద నోట్లో పెట్టుకొని, నమిలి మింగి, ఇంకొకసారి వెయ్యమన్నాడు.

పెళ్ళయిన వారానికి దేవక్క ప్లేయరు తిరిగి ఇవ్వడానికి, ప్లేటు కూడా వెంట పెట్టుకొని, బళ్ళారి వెళ్ళింది. ఈసారి బస్సులోనే వెళ్ళింది. బుడన్ సాబ్ పుచ్చుకోలేదు. నా తప్పుకు అది చెల్లు అనుకో అన్నాడు. అప్పుడు ఆమెకు ఒక సంగతి తోచింది. ఆ ప్లేటులో ఎనిమిది పాటలున్నాయి. తను విన్నది ఒక్కటే. మిగిలిన ఏడూ హనుమప్ప ఎప్పుడైనా వేసినా, ఎవరూ పట్టించుకోలేదు.

ఆ మధ్యాహ్నమంతా ఇద్దరూ ఆ ముందుగదిలో కూర్చుని ఒక్కో పాటా రెండు వేగాల మీదా విన్నారు. కొన్ని మెల్లగా బాగున్నాయి, కొన్ని పరుగెత్తిస్తే బాగున్నాయి. మొదటి పక్క మూడో పాట ముప్పై మూడు మీద మొదలవగానే దేవక్క నిటారుగా కూర్చుంది. డ్రమ్ములు లేవు, గిటారు ఒక్కటే, ఎవరో కొత్త చెప్పులతో మెట్లు దిగుతున్నట్టు జాగ్రత్తగా వస్తోంది.

"సాబన్నా, ఇది పెండ్లికూతురు మండపంలోకి వచ్చేటప్పుడు వేస్తే ఎట్లుంటాది?" అంది.

బుడన్ సాబ్ కళ్ళు మూసుకొని పాట చివరిదాకా విన్నాడు. బ్రహ్మాండంగా ఉంటుందన్నాడు. దేవక్క అప్పుడే ఫోను తీసింది. మోకలో వచ్చే నెల ఎవరి పెళ్ళి ఉందో ఆమెకు తెలుసు.